ఒక్క చెవి

హెడ్‌ఫోన్‌కి ఎడమ చెవి ఒక్కటే పలుకుతుంది.
కుడిపక్క ఏముందో తెలియాలంటే
తెర మీద కుడిఎడమలు తారుమారు చేసి
పాటంతా మళ్లీ మొదటి నుంచి వినాలి.
ఆ రెండు సగాలనీ తర్వాత నేనే
బుర్రలో కుట్టుకోవాలి, పాత చీరల బొంతలాగా.

బల్లార్షాలో పేపర్ మిల్లు నిద్రపోదు.
మా గది గోడకి అటు దాని హోరు,
ఇటు మేకులకు వేలాడే నాలుగు బొంతలు.
గుడ్ల అట్టలు అంటించమని విలాస్ చెప్పాడు.
అంటించాం.
బల్లులు కాపురం పెట్టాయి, హోరు మాత్రం కదల్లేదు.

మైకు చంద్రపూర్‌లో, బజారు వెనక సందులో
పదకొండు వందలకి బేరమాడి తెచ్చింది.
దాని మూతికి కట్టింది పాత మేజోడు.
ఉతికిందే.
ఓదెలు మాత్రం రెండుసార్లు వాసన చూశాడు.

ఆర్కిల్ల ఓదెలు. గనిలో పంపు ఆపరేటరు.
రెండో షిఫ్టు దిగి, తల తుడుచుకుంటూ వచ్చి
పల్లవి తెలుగులో, చరణం మరాఠీలో పాడతాడు.
కావాలని కాదు,
మాట ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుంటాడు.
ఎంత తోడినా గని అడుగున ఊరుతూనే ఉండే
నీళ్ల మీద కట్టుకున్న పాట.
మూడు నిమిషాల నలభై సెకన్లు.
పట్టింది పదహారు రాత్రులు,
గూడ్సు బండ్లకు టైంటేబుల్ ఉండదు కదా.

ఇక మాస్టరింగ్.
నాగ్‌పూర్‌లో అడిగితే పాటకి నాలుగు వేలన్నారు.
నాలుగు వేలంటే మా ఇంట్లో
గ్యాసు, కరెంటు, తమ్ముడి ఫీజులో సగం.
అందుకని నేనే.
ఊరికే దొరికిన సాఫ్ట్‌వేరు,
రొప్పుతూ పనిచేసే లాప్‌టాప్,
ఒక్క చెవి.

మొదటి రాత్రి గొంతు పైకి లేపాను. హోరూ లేచింది.
రెండో రాత్రి కిందిదంతా కోసేశాను.
ఓదెలు గొంతు
రేకు డబ్బాలో చిల్లరలా మోగింది.
మూడో రాత్రి తెలిసింది,
మిల్లు హోరూ అతని గొంతులోని అట్టడుగు బరువూ
ఒకే పీట మీద కూర్చుంటాయని.
ఒకరిని లేపితే ఇద్దరూ లేస్తారు.

సగం దించాను. సగం ఉంచాను.
వినేవాళ్లు తంబూర అనుకుంటే అనుకోనీ.

"సౌండు చాలలేదు వనితా,
బరాత్ డీజేలో పెడితే చీమ కుట్టినట్టుంటది" అన్నాడు విలాస్.
పెంచాను.
దరువూ గొంతూ ఊపిరీ ఒకే ఎత్తున నిలబడ్డాయి
గేటు ముందు హాజరు లైనులా.
ఓదెలు విని "మంచిగుంది" అన్నాడు, మర్యాదకి.
కాసేపాగి,
"ఇండ్ల పంపు ఎప్పుడు ఆగుతది?" అనడిగాడు.

రెండో చరణం తర్వాత అతను ఆగుతాడు.
ఒక గుక్క.
పంపు ఆగిన గనిలో
నీళ్లు పెరిగే చప్పుడు వినడానికి.
ఆ గుక్క నిండా నేను హోరు పోసేశాను.

మళ్లీ దించాను.

శనివారం ఊరంతా తిప్పాం పాటని.
ఫోన్‌లో విన్నాం, టీ కొట్టు డబ్బాలో విన్నాం,
స్టీలు గ్లాసులో ఫోన్ నిలబెట్టి విన్నాం.
ఎక్కడికక్కడ వేరే పాట.
షబ్బీర్ ఆటోకి ఉన్నదే ఒక్క స్పీకరు.
రెండో చరణం అయ్యాక
అతను యాక్సిలరేటర్ వదిలేసి వెనక్కి తిరిగాడు,
"బంద్ పడ్డదా?"

అంతలో పంపు మొదలైంది.

ఫైలుకి పేరు పెట్టాలి.
ఆఖరుది, ఆఖరు రెండు, ఇదే ఆఖరు
ఇప్పటికే ఉన్నాయి.
ఆఖరు అనే మాటే వద్దన్నాడు ఓదెలు,
షిఫ్టు నంబరు వేయమన్నాడు. వేశాను.
కుడి చెవి అతికించడానికి మూడొందలట,
వచ్చే నెల చూడాలి.
అప్పటిదాకా ఈ పాట
రెండు చెవులకూ ఒకేసారి ఎలా ఉంటుందో
ఎవరైనా వింటే చెప్పండి.
నేనింకా వినలేదు.