వట్రసుడి దగ్గర

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి
అబ్బాసియాలో, నాలుగంతస్తుల మేడ అడుగున,
నీళ్ల మోటారు పక్క గదిలో
మా తెలుగు బడి.
మిగతా రోజుల్లో నేను కార్గో ఆఫీసులో
డబ్బాలకు తూకాలు వేస్తాను.
ఇక్కడి ఏడుగురు నా తూకానికి అందరు.

మొదటి నెలంతా దిద్దించాను.
దిద్దారు. ఆవలించారు.
లోహిత్ అయితే 'ఖ' కడుపులో తలపెట్టి నిద్రపోయాడు.
"సార్, ఈ అక్షరాలు ఏం చేస్తాయి?"
అని అడిగింది కెజియా.
ఏం చేస్తాయి?
నలభై రెండేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ వేయలేదు.

నా గదిలో ఉండే మస్తానయ్యది ఫోన్ల రిపేరు.
ఎవరూ తిరిగి తీసుకెళ్లని ట్యాబులు ఐదు తెచ్చాడు,
అన్నిటికీ మొహం మీద పగుళ్లే.
మూడు రాత్రులు టీ మీద టీ తాగి
ఒక ఆట అల్లాడు.

ఆటలో మే నెల ఎండ.
తలకట్టు లేని 'క' రోడ్డు దాటాలి.
బకాలా అబూ సాలెం తలగుడ్డలాంటిది ఒకటి
వేలితో లాగి దాని నెత్తిన పెట్టాలి,
లేకపోతే 'క్' మని మూలిగి మాడిపోతుంది.
కొమ్మిస్తే కుమ్ముతుంది.
దీర్ఘమిస్తే సైకిలెక్కి
'కా' అని కాకిలా అరుచుకుంటూ పోతుంది.

నిద్రపోయే లోహిత్ బల్లెక్కాడు.
ట్యాబు పగులు తగిలి 'క' కాస్తా 'కా' అయిందని
ఇమ్రోజ్ పేచీ.
తీర్పు చెప్పడానికి నేను కళ్లజోడు వెతుక్కున్నాను.
మోటారు చప్పుడు మాకు వినపడకపోవడం
ఆ రోజే మొదలు.
వారం తిరక్కుండా ఆట ఇళ్లలోని ఫోన్లకూ పాకింది.

రంజాన్‌కు ముందు వారం
మార్కుల పట్టికలో ఏదో తేడా.
కెజియా పేరు మీదే, కానీ రాత్రి ఒంటిగంటా నలభైకి.
నిన్న, మొన్న, అటు మొన్న.
"నిద్ర మానుకుని ఫోనా?" అని గదిమాను.
కోపం నాకు తొందరగా వస్తుంది,
సిగ్గు నెమ్మదిగా వెనకాలే వస్తుంది.
"నేను కాదు సార్. పిన్ని.
జహ్రాలో వంటపని. గిన్నెలన్నీ అయ్యాకే
ఫోను చేతికిస్తారు."

సువార్తమ్మ.
ఏ కాగితం ముందు పెట్టినా
సిరా పెట్టె కోసం చూసిన బొటనవేలు.
ఆ వేలితోనే ఇప్పుడు
'క' నెత్తిన నీడ పెడుతోంది.
రోజూ ఒకేచోట ఓడుతోంది, వట్రసుడి దగ్గర.
పదకొండు సార్లు.

పోనీ ఆ మెట్టు తీసేద్దామన్నాను.
మస్తానయ్య సరేనన్నాడు.
పిల్లలు ఒప్పుకోలేదు.
"తీసేస్తే పిన్ని గెలిచినట్టు కాదు సార్."
అన్నది ఇమ్రోజ్,
ఒక్కనాడూ హోంవర్కు తేనివాడు.

ఆ రోజు వాడు జుమ్మాకి వెళ్లి
మళ్లీ పరిగెత్తుకొచ్చాడు.
ట్యాబు చుట్టూ ఏడు తలలు.
మృగం అన్నారు, గృహం అన్నారు, గోడ మీద రాశారు, చెరిపారు.
నేను తినిపించబోతే ఇన్నాళ్లూ ఉమ్మేసిన మాటలు.
కృప అంది కెజియా,
పిన్ని ప్రార్థనలో రోజూ అనే మాట,
ఎన్నడూ రాయని మాట.
చివరికి లోహిత్ గొంతు రికార్డు చేశారు:

"పిన్నీ, దుమ్ముగాలి తెలుసు కదా,
పైనుంచి రాదు, కాళ్ల దగ్గర లేస్తుంది.
అక్షరం పాదం పట్టుకో,
కుడిపక్క ఒక్కసారి తిప్పు."

వెనక మోటారు చప్పుడు కూడా పడింది.
ఉండనిచ్చాం.

శనివారం, తూకం మీద చెయ్యి ఆనించి ఫోను చూశాను.
నా చేతి బరువు అంకెల్లో వెలుగుతోంది, పట్టించుకోలేదు.
ఒంటిగంటా యాభై రెండు.
కృ దాటింది.
గృ దాటింది.
మృ దగ్గర ఒకసారి పడి, లేచి దాటింది.
ఙ దగ్గర ఆగింది.

దానితో మొదలయ్యే మాట
నాకొక్కటీ గుర్తు రాలేదు.
వచ్చే శుక్రవారం ఎనిమిదింటికే రమ్మని
ఏడుగురికీ కబురు పెట్టాను.