పథ్యం

వారాసిగూడల మా గిర్ని ముందట
ఏప్రిల్ వస్తే ఎర్ర సంచులు లైను గడ్తయి.
"మెత్తగ పట్టన్నా, తొక్కుకు" అని ఒకామె,
"జర బరక ఉంచు" అని ఇంకొకామె.
నాయిన మూతికి తువ్వాల గట్టుకొని
గల్లీ మొత్తానికి కారం పట్టి ఇస్తడు.
ఆయనకు మాత్రం కారం వద్దన్నరు.

రాత్రి షట్టర్ దించినంక
గిర్ని ఆగదు,
ఆయన ఛాతిలకు మారుతది.
బెల్టు జారినట్టు ఒక కీచు,
జొన్నలల్ల రాయి వడ్డట్టు ఒక దగ్గు.
అమ్మ లేచి దిండు నిలవెడ్తది.
నేను దుప్పట్లనే పండుకొని లెక్కవెడ్త:
పీల్చుడు పొట్టిది,
ఇడుసుడు పొడుగు.

గోడకున్న క్యాలెండర్ వెనుక
అమ్మ రాసిన చట్టం ఉన్నది.
పొద్దుగూకినంక పెరుగు లేదు.
వంకాయ తింటే ఒళ్లు దురద.
పల్లీలకు గొంతు పట్టేస్తది.
శనగపిండికి కడుపు ఉబ్బుతది.
మామిడికాయ తొక్కు దగ్గర మాత్రం
రాసి, కొట్టేసి, మళ్ల రాసింది.
ఆ రోజు ఆమె సుత తొక్కు ముట్టలే.

పక్కింటి ఖైరున్నీసా ఖాలా
తేనెల కలోంజీ నానవెట్టి పంపుతది.
సీసా ఉత్తగ వాపస్ ఇయ్యొద్దని
అమ్మ దాంట్ల పసుపు నింపుతది.
మూలమీది పాన్ డబ్బాయన
తమలపాకుల రెండు మిరియాలన్నడు.
బోయిగూడ మేనత్త ఫోన్ల
అడ్డసరం ఆకు కషాయం కాస్తది.
కడుపుకు వాము నీళ్లు, గొంతుకు శొంఠి.
ఒక ఏడు నాంపల్లిల రాత్రంత లైన్ల నిలబడ్డడు.
లోపలికి వోయిన చేప ఏం చేసిందో
చేపకే ఎరుక.
ఎవరి మాట కాదంటే ఎవరు చిన్నబుచ్చుకుంటరోనని
నాయిన అన్నీ తాగుతడు.
తాగి, కొంచెంసేపు కండ్లు మూసుకొని
"ఆ, జర నయమే" అంటడు,
చెప్పినోళ్ల మొఖం చూసి.

పాలల్ల పసుపు ఏసుకొమ్మన్నరు అందరు.
బస్తీ దవాఖాన డాక్టరమ్మ ఒక్కతే
"ఏం పని చేస్తవ్ ఐలేశం?" అని అడిగింది.
"పసుపు పడ్త మేడం. కారం పడ్త."
ఆమె పెన్ను ఆగింది.
గిలాసల మంచిదైన పసుపే
ఊపిరిలకు పోతే దుమ్మని
చెప్పనీకి ఆమెకు ఐదు నిమిషాలు పట్టింది,
నమ్మనీకి నాయినకు రెండేండ్లు.

ఆమె ఇచ్చిన ఇన్‌హేలర్‌ను
గిరాకీలు చూస్తే పరువు పోతదని
తూకంరాళ్ల డబ్బల దాచెటోడు,
పావుకిలో రాయి పక్కన.
ఒకనాడు ఊపిరి దొరకక డబ్బ కింద గుమ్మరిస్తే
పసుపుకొమ్ములు తెచ్చిన ముసలామె చూసింది.
చూసి, కొంగుముడి ఇప్పి
అసొంటిదే తీసి చూపెట్టింది.
ఇద్దరు ఏం మాట్లాడలే.
ఆ పొద్దు ఆమె దగ్గర పట్టుకూలి తీసుకోలే.

ఇప్పుడు మిషను చిన్నాయిన చూస్తడు.
నాయిన బయట, వేపపుల్ల నములుకుంట,
గాలికి ఎదురుగ కుర్చీ ఏసుకొని
చీటీలు రాస్తడు.
దవాఖాన మందు పొద్దుమాపు పీలుస్తడు.
ఖాలా తేనె కూడ ఇడువలే;
అది మందుకు కాదు, ఖాలా కోసం.
రాత్రి నా లెక్క
పది దాటకముందే నిద్రపడ్తది.

మొన్న మిరుగం నాడు
ఇంగువ బెల్లం మింగినంక
అమ్మ సొరకాయ కూర మీద
చిటికెడు కారం చల్లింది,
నిజంగ చిటికెడే.
నాయిన నాలిక మీద పెట్టుకొని
శానసేపు కదలలే.
మేం దగ్గు కోసం చూస్తున్నం.
అమ్మ చేతిల నీళ్ల చెంబు.

"తొడిమలు తీయలే" అన్నడు.
"తమ్ముడు తొందరవడ్డడు.
కాయ మాత్రం మంచిదే."

అని, ఇంకో సగం రొట్టె అడిగిండు.