గాలి ఇంటిపేరు

మిద్దె మీద గాలి పీల్చే పెట్టె
వారం రోజులుగా చిత్తూరు దుమ్ము తింటా ఉంది.
టేపుకి అంటిన పుప్పొడిని
సూక్ష్మదర్శిని కింద పెడితే
అన్నీ గుండ్రాలే, అన్నిటికీ ఒకటే బెజ్జం.
ముఖం చూసి ఏ గడ్డి బిడ్డో చెప్పలేం.

రేణువు పగలగొట్టి
లోపలి డీఎన్‌ఏ పోగు తీసి యంత్రానికిచ్చాను.
రాత్రి రెండింటికి
తెర మీద పేరు పడింది: గరిక.

కాణిపాకం గుడి వాకిట
మొగిలమ్మత్త అమ్మే గరికే.
కట్ట పది రూపాయలు.
నా పరీక్ష ఫీజులన్నీ ఆ కట్టలే.
ఆమె తుమ్మితే
కొనబోయినవాళ్ళు చేయి వెనక్కి తీసుకుని
పక్క గంపకి పోతారు, శకునం బాలేదని.

రేపు సంకటహర చవితి.
రొమ్ములో పిల్లికూతలు వినిపిస్తానే
కొడవలి నూరుతా ఉంది అత్త.
రిపోర్టు ఇంకా నా సంచిలోనే.