రెండు బాండ్లీలు

పరీక్షలైనాక మా ఆడబిడ్డ కూతురు నీలోత్పల
ఒక కాగితాల కట్ట పట్టుకొచ్చింది.
కాలేజీలో ఇచ్చిన పనంట.
మంచి నూనెకి ఎంత జాస్తి ఇస్తారో
తినేవాళ్ళని అడగాలంట.
చిత్తూరు దర్గా సర్కిల్ పక్కన మా హోటలు, నాలుగు బల్లలు.
నలభై మందిని అడిగింది.
ముప్పై ఏడుమంది ఇస్తామన్నారు.
రెండ్రూపాయలేంది, ఐదైనా ఇస్తామమ్మా,
పానం కంటే ఎక్కువా, అన్నాడు
కోర్టు గుమాస్తా.
ఆయన టీ బాకీ తొమ్మిది నెలలుగా
మా గోడమీద సుద్దముక్కతో ఉండాది.

నవ్వుకున్నా. అయినా
తెల్లారి రెండో పొయ్యి ముట్టించినా.
ఒక బాండ్లిలో అప్పుడే చించిన ప్యాకెట్టు నూనె,
అడుగున ఆవగింజ వేస్తే కనపడేట్టు.
ఇంకోదాంట్లో నిన్నటిది, మొన్నటిది,
కొంచెం అంతకు ముందుదీ,
డికాక్షను రంగులో.
అట్టమీద రాసి తగిలించినా:
కొత్త నూనె వడ పన్నెండు. మామూలు వడ పది.
"మామూలు" అని రాసేటప్పుడు
చెయ్యి ఒక్క రవ్వ ఆగింది.

పదింటిదాకా అందరూ అట్ట చదివినారు.
బాగుందే అన్నారు. ఫోటో తీసుకున్నోడూ ఉండాడు.
వేళ్ళు మాత్రం పది రూపాయల తట్ట వైపే చూపించినాయి.
గుమాస్తా అయితే ముక్కు దగ్గర పెట్టుకుని
"రెండూ ఒకే పిండే గదా" అన్నాడు.

పెద్దాసుపత్రి చీటీ కొంగున ముడేసుకుని
గుడిపాల నుంచి ఒకామె వచ్చింది, పిల్లోణ్ణి చంకనేసుకుని.
అట్టను రెండుసార్లు చదివింది.
చిల్లర రెండుసార్లు ఎంచింది.
"దీంట్లోది ఒకటి, బిడ్డకి.
దాంట్లోది ఒకటి, నాకు."
ఆకులు వేరేగా అడిగింది.
వాడు తన వడ తుంచి ఆమె నోటికందిస్తే
మొహం తిప్పుకునింది,
కారంరా, నువ్వే తిను, అని.
ఆ పొద్దు పిండిలో నేను
మిరపకాయ వెయ్యనే లేదు.
నీలోత్పల పెన్నుకి మూత పెట్టేసింది.

రాత్రి పాత నూనె మోరీ దాకా మోసుకుపోయినా.
రెండు లీటర్లు. లీటరు నూటా నలభై.
అక్కడే కాసేపు నిలబడి
తిరిగొచ్చి గుడ్డలో వడగట్టినా.

మిగిలిన వడలు ఏడు.
ఇంటికని మా ఆయన మొగిలీశు క్యారియర్లో సర్దిపెట్టినాడు.
"ఏ బాండ్లివి?" అన్నా.
పద్దెనిమిదేండ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.
ఆయన తలెత్తలేదు.
అట్టను వెనక్కి తిప్పి
రేపటి పాల లెక్క రాసుకుంటా ఉండాడు.