మంచు మీద సున్నాలు

ఊరికి సున్నా చుట్టమన్నారు నన్ను.
సొరంగాలకీ ట్రాములకీ డబ్బు కావాలి.
కారు అద్దానికి అంటించిన చిప్పు
కీచుమన్నప్పుడల్లా కొన్ని క్రోనర్లు.

వృత్తలేఖినితో అయ్యే పని కాదది.
ఏ ఊరూ గుండ్రంగా ఉండదు, ఓస్లో అసలే ఉండదు.
దక్షిణాన సముద్రపు పాయే నాకు గీసిపెట్టింది
కూలి అడక్కుండా.
నీళ్లకి కెమెరా అక్కర్లేదు.
మిగతాది నా వంతు:
కొండ రోడ్డుని ఎక్కడ పిసికి సన్నం చేసిందో
రైలు పట్టాలు ఎక్కడ అడ్డం పడుకున్నాయో
వాగు మీద ఎక్కడ ఒకటే వంతెన ఉందో
అక్కడో చుక్క.
రెండు చుక్కల మధ్య సందు దొరికితే చాలు,
కార్లు కారిపోతాయి.
సందుల్లో కూడా పెట్టాను,
రొట్టెల కొట్టు పక్కన,
శ్మశానం వెనక దారిలో.

సభలో అందరూ అరిచారు. మామూలే.
హాల్డిస్ అనే ఆవిడ అరవలేదు.
కొడుకు ట్యూబా తెచ్చి
నా పటం మీద నిలబెట్టింది.
"ఇల్లు ఇటు. బడి బ్యాండు అటు.
మధ్యన మీ గీత.
దీన్ని మీరు బస్సెక్కిస్తారా, చెప్పండి?"

గంటలోపు ఎన్నిసార్లు దాటినా
ఒక్కసారి కిందే లెక్క, అన్నాను.
"మార్చ్ పాట గంటలో రాదండీ" అంది.

గీతని రెండు వీధులు జరపొచ్చు.
జరిపితే అక్కడి పళ్ల డాక్టరు ఒకవైపు,
నొప్పి పళ్లన్నీ ఇంకోవైపు.
జరపలేదు.
పటం మీద ఇత్తడి ఒరుసుకున్న మరక మాత్రం
చెరిపినా పోలేదు.

జనవరిలో ఒక మంగళవారం
ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి పోక అటు వెళ్లాను.
అప్పుడే కురిసి ఆగిన మంచు.
తారు మీద ఏనాడూ కనబడని నా గీత
మొదటిసారి కనబడింది:
కెమెరాకి నలభై గజాల ఇవతల
టైరు జాడలు వంగి, ఆగి, వెనక్కి తిరిగాయి.
అక్కణ్ణించి అడుగులు.
పెద్ద బూట్లవి. ఒక కుక్కవి.
ఒక జత చిన్నవి, ఎడమకి ఒరిగి.
ఆ చిన్న అడుగుల పక్కన
ఇరవై అడుగులకొక గుండ్రటి అచ్చు.
బరువు దించి, ఊపిరి పీల్చుకుని
మళ్లీ ఎత్తుకున్న చోటు.

లెక్కపెట్టాను. పదకొండు సున్నాలు
నా సున్నాని దాటి వెళ్లాయి.
కెమెరా ఒక్కదాన్నీ చూడలేదు.

ఆవల బడి కిటికీలోంచి
ఏనుగు దగ్గినట్టు ఒక స్వరం.
తప్పు స్వరమే.
చేతులు జేబుల్లో పెట్టుకుని
అది సరిపడేదాకా నిలబడ్డాను.