ఎసరు

శుక్రవారం కుండ పలకదట.
అది తెలియక కిందటి వారం వచ్చి
పొడుగాటి వసారా ఒకటీ నడిచి వెళ్ళిపోయాం.
ఇవాళ మంగళవారం.
మినెగిషి మళ్ళీ తోడొచ్చాడు,
ల్యాబులో ఫర్నేసు చల్లారేలోపు తిరిగి వెళ్ళాలని
మాటిమాటికీ గడియారం చూసుకుంటూ.

కొండవాలును చదును చేయకుండా
వాలుతో పాటే వాలిపోయిన వసారా అది.
స్తంభాలు లెక్కపెట్టుకుంటూ దిగి
ఎక్కడో ఒక పిల్లి దగ్గర లెక్క తప్పాను.

కిబిత్సు గుడి ఆఫీసులో పేరు రాయమన్నారు.
వాళ్ళ అక్షరాల్లో నా 'వ' ఒదగలేదు,
'ళ' అసలే లేదు.
వకుళ కాస్తా బకుర అయింది.
కోరిక దగ్గర 'చదువు' అన్నాను.
అసలు అడగాలనుకున్నది
ఏ గడిలోనూ పట్టేది కాదు.

లోపల ఒక వంటిల్లు.
నాలుగొందల ఏళ్ళ మసి
దూలాలకీ గోడలకీ, దేవుడికి కూడానేమో.
పొయ్యి ముందు తెల్లబట్టల్లో ఒక ముసలావిడ.

మినెగిషి చెవిలో చెప్పాడు:
ఈ పొయ్యి కింద రాక్షసుడి తల ఉంది.
నరికి పాతిపెట్టినా పదమూడేళ్ళు అరిచిందట.
చివరికి కలలో కనిపించి
"నా పెళ్ళాన్ని పిలిచి వంట చేయించండి,
మంచీ చెడూ నేను చెబుతా" అన్నాడట.
అప్పట్నుంచీ ఆమె ఊరి ఆడవాళ్ళే ఇక్కడ ఎసరు పెడతారు.

"రాక్షసుడిది ఏ ఊరు?"
కాస్త తటపటాయించి,
"సముద్రం అవతల. రాకుమారుడంటారు కొందరు."

పర్సులో రెసిడెన్స్ కార్డు ఉందో లేదో
ఊరికే తడిమి చూసుకున్నాను.

పూజారి మంత్రం ఎత్తుకున్నాడు.
ఒక్క ముక్కా అర్థంకాని ఆ ధారలో
హఠాత్తుగా 'బకుర',
వరదనీళ్ళలో సొంత చెప్పు తేలివచ్చినట్టు.

ఆవిడ గుప్పెడు ముడిబియ్యం
ఆవిరి తొట్టిలో వేసి కదిపింది.
ముందు ఏమీ లేదు.
తర్వాత అరికాళ్ళలోంచి,
పెద్ద లారీ వీధి మలుపులో నిలబడి
ఇంజను ఆపనట్టు
ఒక మోత.
ఏడుపో, గురకో,
ఎవరినో పేరుపెట్టి పిలవడమో.

మా భాషలో ఉన్నమాట చెప్పాలంటే
కుండ బద్దలు కొడతాం.
ఇక్కడ కుండ చెక్కు చెదరలేదు.
చెప్పిందేమిటో ఎవరూ చెప్పలేదు.

"మంచిదా, చెడ్డదా?"
వచ్చీరాని జపనీస్‌లో అడిగేశాను.
ఆవిడ వేళ్ళ మసి తుడుచుకుంటూ
"మీకెలా వినిపించింది?" అంది.
అంతే.
తర్వాతివాళ్ళ బియ్యం కోసం అటు తిరిగింది.

"నాకైతే బాగానే వినిపించింది"
అన్నాడు మినెగిషి, మర్యాదకి.
నేనేమడిగానో అతను అడగలేదు.

రెండు పెట్టెల రైల్లో
ఎదుటి సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చి
నా జుట్టులో పొగను గుర్తుపట్టాడు.
"కుండ పలికిందా?"

ఈ దేశం వచ్చాక
మొదట ఏ దేశమని అడగని మనిషి.
పలికిందన్నాను.

ఫర్నేసు ఈపాటికి చల్లారే ఉంటుంది.
మినెగిషి గడియారం చూడటం మానేసి
కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.
నా అరికాళ్ళ కింద మాత్రం
ఆ లారీ
ఇంకా ఇంజను ఆపలేదు.