రిజిస్టర్డ్ పోస్టు

పిక్క మీద పదకొండు కుట్లు.
లాయరు పైనుంచి కిందకి లెక్కపెట్టాడు,
మళ్ళీ కిందనుంచి పైకి,
ఒకటి ఎక్కువొస్తుందేమోనని.

"కుక్క పేరు?"
బటర్‌కప్.
రాసుకుంటూ నవ్వు ఆపుకున్నాడు.

ఏడు వారాలకి మళ్ళీ సంచీ భుజానికేసుకున్నాను.
డులూత్‌లో మంచు ఇంకా మెట్లు వదల్లేదు.
ఇవాళ్టి కట్టలో అడుగున
మా లాయరు పంపిన కవరు,
వెర్న్ హాగ్‌స్ట్రోమ్ పేరున.
సంతకం చేయించుకుని ఇవ్వాలి.

గేటు దగ్గర కాలు తనే ఆగింది.
లోపల్నుంచి గొలుసు చప్పుడు.

"డబ్బు ఇన్సూరెన్సు వాళ్ళిస్తారట మార్లిస్,
దాన్ని మాత్రం చంపేస్తారా?"
అన్నాడు ముసలాయన, కవరు వైపు చూడకుండా.
నాకు తెలీదు.
నేను నింపిన ఫారంలో ఆ గడి లేదు.

ఇక్కడ, అని వేలు పెట్టి చూపించాను.
అతని చెయ్యి వణికింది.
పెన్ను నాదే.